కానాగడతకి రెండు మూడేళ్లు, ఇక్కడి మాక్రెల్‌కి పదిహేనేళ్లు! చన్నీళ్లకీ చేప ఆయుష్షుకీ లింకేంటి?

ఫ్యోర్డ్‌లో_వైజాగోడు:

అందరికీ నమస్కారం. నాది వైజాగ్, పెదజాలారిపేట పక్కన పెరిగాను, రెండేళ్ల నుంచి నార్వేలో బెర్గెన్‌లో ఉద్యోగం. చేపల గురించి తినడం తప్ప ఇంకేమీ తెలియదు, ప్రశ్న తిక్కగా ఉంటే కాస్త ఓపిక పట్టండి.

ఇక్కడ మాక్రెల్ అని దొరుకుతుంది. చూడ్డానికి మన కానాగడతకి అన్నలా ఉంటుంది, కాస్త పొడుగు, వీపు మీద పులిచారల్లాంటి గీతలు. మొన్న శనివారం ఆఫీసులో నాతో పనిచేసే ఒకతన్ని భోజనానికి పిలిచి, ఉప్పూ కారం పసుపు అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించాను. నూనె పోయాల్సిన పనే లేకపోయింది, దాని కొవ్వులో అదే వేగింది. (పొగకి అలారం మోగి కింది ఫ్లాటువాళ్లు పైకొచ్చారు, అది వేరే కథ.) తింటూ తింటూ అతను చాలా మామూలుగా, "ఈ సైజు చేపకి ఐదారేళ్లు ఉంటాయి, పదిహేనేళ్లు దాటినవి కూడా పడుతుంటాయి" అన్నాడు. వాళ్ల నాన్నది చేపల బోటేనట.

నేను నమ్మలేదు. మా మావయ్య ఇరవై ఏళ్లు బోటు మీద పనిచేశాడు, కానాగడత బతికేదే రెండేళ్లో మూడేళ్లో అనేవాడు. ఒకే వంశం చేపలు, ఇంచుమించు ఒకటే తిండి, మరి ఆయుష్షులో ఇంత తేడా ఎలా? చన్నీళ్లలో ఉంటే ఫ్రిజ్‌లో పెట్టిన కూరగాయలా ఎక్కువ కాలం నిలవ ఉంటుందా?

ఇంకో డౌటు. వేడి నీళ్లలో చేప తొందరగా పెరుగుతుందని అతనే అన్నాడు. అదే నిజమైతే సముద్రాలు వేడెక్కుతున్నాయని అందరూ ఎందుకు గోల పెడుతున్నారు? చేపలు త్వరగా పెరిగితే మంచిదే కదా, ఎక్కువ దొరుకుతాయి?


ముత్తుకూరు_బ్యాచ్:

మంచి ప్రశ్న తమ్ముడూ. ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్సీ (చేపల సైన్సు డిగ్రీ) చదివాను, తర్వాత దారి మారి బ్యాంకులో పడ్డాను, ఎవరైనా చేపల గురించి అడిగితే ఆపుకోలేను. కాబట్టి పెద్దదే రాస్తాను.

ముందు ఒక ముచ్చట. కానాగడత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ 'కనగుర్త' మన తెలుగు మాటే, అదీ మీ ఊరిదే. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో చేపలు సేకరించి, బొమ్మలు వేయించి, ఇక్కడివాళ్లు పిలిచే పేర్లతో సహా 1803లో పుస్తకం వేశాడు. 1816లో కువియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆ పేరునే ఖాయం చేశాడు. అంటే మీ నార్వే ఫ్రెండు ఈ చేప గురించి ఎక్కడ చదివినా మీ రేవు మాటే చదవాలి, ఈసారి భోజనానికి పిలిచినప్పుడు చెప్పండి.

ఇక విషయం. మీ ఫ్రిజ్ పోలిక సగం కరెక్టే. మనకి ఒంట్లో హీటర్ ఉంది, బయట ఎండైనా మంచైనా లోపల 37 డిగ్రీలే. చాలా చేపలకి అది లేదు, నీళ్లు ఎంతుంటే ఒళ్లు అంతే. అరుగుదల, గుండె కొట్టుకోవడం, ఊపిరి, అన్నీ ఆ వేడిని బట్టే నడుస్తాయి. మోటు లెక్కన 10 డిగ్రీలు పెరిగితే ఒంటి ఖర్చు రెండింతలు అవుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువే. విశాఖ దగ్గర పైనీళ్లు జనవరిలో 25, 26 డిగ్రీలు ఉంటాయి, మేలో 30 దాకా పోతాయి. మీ బెర్గెన్ దగ్గర చలికాలంలో 5, 6 డిగ్రీలు, ఎండాకాలంలో 15 అటూ ఇటూ. అంటే మన కానాగడత ఏడాది పొడుగునా టాప్ గేర్‌లో ఉంటుంది, మీ మాక్రెల్ సగం ఏడాది మెల్లగా నడుపుకుంటుంది.

పెరగడం అంటే ఏంటి? తిన్నదాంట్లోంచి బతకడానికి అయ్యే ఖర్చు పోగా మిగిలింది. చిన్నప్పుడు ఒళ్లు చిన్నది, ఖర్చు తక్కువ, మిగులు ఎక్కువ. వేడి నీళ్లలో తిండి త్వరగా అరుగుతుంది, ఆకలి ఎక్కువ, కాబట్టి పిల్ల దబదబా పెరుగుతుంది, కానాగడత ఏడాది తిరిగేసరికి 20 సెంటీమీటర్లకి అటూ ఇటూ వచ్చేస్తుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. పైగా త్వరగా ఈడుకొచ్చేసింది కాబట్టి ఉన్న మిగులంతా గుడ్లకీ సొనకీ పోతుంది. ఎక్కడో ఒకచోట మిగులు సున్నాకి వచ్చి పెరుగుదల ఆగుతుంది, వేడి నీళ్లలో ఆ 'ఎక్కడో' ముందే వస్తుంది. చన్నీళ్లలో అంతా నెమ్మది, పిల్లదశ సాగుతుంది, ఈడుకి రావడం ఆలస్యం, కానీ ఆగిపోయే సైజు పెద్దది. దీనికి వాన్ బెర్టలాన్ఫీ సమీకరణం అని ఒకటుంది, రెండో సంవత్సరంలో మా అందరి నిద్ర చెడగొట్టింది. అందులో రెండు అంకెలు చూస్తారు. చివరికి ఎంత సైజుకి చేరుతుంది, అక్కడికి ఎంత త్వరగా చేరుతుంది. ఒకటి ఎక్కువైతే రెండోది తగ్గడం మామూలు.

ఆయుష్షు కూడా దీంతోనే ముడిపడి ఉంది. డేనియల్ పౌలీ అనే చేపల శాస్త్రవేత్త 1980లో 175 చేప గుంపుల లెక్కలు ఒకచోట పెట్టి చూస్తే, త్వరగా పెరిగేవీ, చిన్న సైజులో ఆగిపోయేవీ, వేడి నీళ్లలో ఉండేవీ సహజంగానే ఎక్కువ రేటున చచ్చిపోతున్నాయని తేలింది. ఒళ్లు త్వరగా అరిగిపోవడం ఒక కారణం. వేడి సముద్రంలో వేటాడే చేపలకి కూడా ఆకలి ఎక్కువే కదా, అది ఇంకో కారణం.

"రెండూ వేరే జాతులు కదా, పోలిక ఎలా కుదురుతుంది" అంటారేమో, ఒకే జాతిలోనూ ఇది కనిపిస్తుంది. కాడ్ చేప తీసుకోండి, మీరు టోర్స్క్ అంటారు. ఐర్లాండ్‌కి దక్షిణాన సెల్టిక్ సముద్రంలో అడుగునీళ్లు సగటున 11 డిగ్రీల దాకా ఉంటాయి, కెనడాలో లాబ్రడార్ దగ్గర 2 డిగ్రీల చుట్టూ. నాలుగేళ్ల సెల్టిక్ కాడ్, నాలుగేళ్ల లాబ్రడార్ కాడ్ కన్నా ఎన్నో రెట్లు బరువుంటుంది. ఉత్తర సముద్రంలో కాడ్ మూడు నాలుగేళ్లకే ఈడుకొస్తే, జనవరి నుంచి మీ లోఫోటెన్ దీవులకి గుడ్లు పెట్టడానికి దిగే వలస కాడ్, అంటే స్క్రేయ్, ఏడేళ్ల దాకా ఆగుతుంది. జాతి అదే, నీళ్లే వేరు.

ఆఖరి కొస కావాలంటే మీ ఉత్తరాన గ్రీన్‌లాండ్ సొర ఉంది. గడ్డకట్టే నీళ్లలో ఉంటుంది, ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగదు. 2016లో దాని కంటి కటకంలో కార్బన్ కొలిచి, అన్నిటికన్నా పెద్దదానికి కనీసం 272 ఏళ్లు, మధ్య అంచనా 392 ఏళ్లు అని తేల్చారు. ఆడది ఈడుకి రావడానికే 150 ఏళ్లు! మనవాళ్లు బొబ్బిలి యుద్ధం చేస్తున్నప్పుడు పుట్టింది ఇప్పటికీ ఈదుతూ ఉండొచ్చు.


ఫ్యోర్డ్‌లో_వైజాగోడు:

అన్నా, దండం. కనగుర్త ముచ్చట చెప్పగానే అమ్మకి ఫోన్ చేశాను, "మేం ఎప్పుడూ అలాగే అంటాం, ఇందులో కొత్తేముంది" అంది.

ఒకటి అర్థం కాలేదు, వయసు ఎలా లెక్కపెడతారు? చేపకి బర్త్ సర్టిఫికెట్ ఉండదు కదా.


ముత్తుకూరు_బ్యాచ్:

గొరక తల తింటున్నప్పుడు పంటికింద ఒక తెల్లరాయి తగులుతుంది, గుర్తుందా? అది చెవిరాయి, ఓటోలిత్ అంటారు. ముళ్లున్న చేపలన్నిటికీ ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కో సైజు. చెట్టు మొదట్లో వలయాల్లాగే దీంట్లోనూ పొరలు పడతాయి. ఎండాకాలంలో పెరుగుదల జోరు, వెడల్పాటి పొర, చలికాలంలో ఆగినట్టే ఉంటుంది కాబట్టి సన్నటి పొర. రెండూ కలిపి ఒక ఏడాది. సొరకి ఈ రాయి ఉండదు కాబట్టే కంటి దాకా పోవాల్సి వచ్చింది.

అసలు మెలిక మన దగ్గరే. విశాఖలో చలికాలానికీ ఎండాకాలానికీ ఉన్న తేడా నాలుగైదు డిగ్రీలే, చాలా చేపల్లో ఏడాది వలయాలు స్పష్టంగా పడవు. రోజుకో సన్నగీత పడుతుందని 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త చూపించాడు, మైక్రోస్కోపు కింద రోజులు లెక్కపెట్టొచ్చు గానీ అది కళ్లు పోయే పని. అందుకని మన దగ్గర ఎక్కువగా పొడవులు కొలుస్తారు. నెల నెలా వేల చేపలు కొలిచి, 12 సెంటీమీటర్ల గుంపు వచ్చే నెలకి ఎంతకి జరిగింది, ఆపై నెలకి ఎంతకి, అలా లెక్క కడతారు. హార్బర్‌లో తెల్లారకముందే స్కేలు పట్టుకుని చేపల కుప్పల దగ్గర కూర్చునేవాళ్లని చూసే ఉంటారు, వాళ్ల పని అదే.


గట్టుమీద_రైతు:

ఇంగ్లీషు పుస్తకాలు నాకు తెలియవు గానీ పండుగప్ప మాత్రం తెలుసు. మాది నాగాయలంక వైపు, ఆరేళ్లుగా ఉప్పునీటి చెరువులో వేస్తున్నాను. పై అన్న చెప్పింది నా మేత పుస్తకంలో కనబడుతుంది.

నీళ్లు 28 నుంచి 30 మధ్య ఉన్నప్పుడు చూడాలి, మేత చల్లితే నీళ్లు ఉడికినట్టు పైకి లేస్తాయి. అదే సంక్రాంతి ముందు పొద్దున పూట 22, 23కి దిగిందనుకోండి, మేత తేలుతూనే ఉంటుంది, ఒకటీ అరా వచ్చి మూతి పెట్టి పోతాయి. కొత్తలో నాకు తెలియక రోగం వచ్చిందని భయపడి మందులకి డబ్బు తగలేశాను. మా నాన్న గట్టు మీద కూర్చుని "దానికి చలేస్తోందిరా, నీకు వెయ్యట్లా?" అన్నాడు. ఇప్పుడు చలికాలంలో పొద్దున మేత మానేసి, ఎండెక్కాక ఒక పూటే వేస్తాను. ఆ నెలన్నరలో బరువు పెద్దగా పెరగదు, ఆ సంగతి ముందే లెక్కలో వేసుకోవాలి.

కానీ "వేడి ఉంటే పెరుగుదల" అనేది ఒక గీత దాకానే తమ్ముడూ. మే నెలలో నీళ్లు మరీ వేడెక్కితే మళ్లీ మేత సరిగ్గా ముట్టవు. ఇంకా కష్టం ఏంటంటే నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. తెల్లవారుజామున మూడింటికి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) అడుక్కి పోతుంది. రెండేళ్ల కిందట ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ అవక, ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మిషన్లు) గంటన్నర ఆగాయి. తెల్లారేసరికి పెద్దవన్నీ తేలిపోయాయి, చిన్నవి చాలావరకు బతికాయి. పెద్దవే ముందు ఎందుకు పోతాయని అప్పట్నుంచి అడుగుతున్నాను, ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు.

ఇంకోటి, ఒకే రోజు వేసిన పిల్లలు నెల తిరిగేసరికి ఒకటి వేలంత, ఇంకొకటి అరచెయ్యంత అవుతాయి. గ్రేడింగ్ చేసి విడదీయకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఒకే నీళ్లు, ఒకే మేత. కాబట్టి అంతా నీటి వేడే అనుకోకండి.


హార్బర్_అన్న:

మీరందరూ పెద్దగా రాశారు, నేను ఒకటే అంటాను, మన దగ్గర చేప సైజు తగ్గిందంటే ముందు వల చూడండి, తర్వాత థర్మామీటర్ చూద్దురు గాని. చిన్న కన్ను వలేసి అడుగు నుంచి ఊడ్చుకొస్తే పెద్ద చేప ఎక్కడ మిగులుతుంది? మా చిన్నప్పుడు కోనాం అంటే ఇద్దరు పట్టుకుని మోసేవాళ్లు. ఇప్పుడు మోచెయ్యంత కోనాం వస్తే ఫొటో తీస్తున్నారు. అది చేప ముసలిదై చిన్నగా ఆగిపోయిందని కాదు, పిల్లప్పుడే మా వల్లో పడిందని. నేనూ పట్టినవాణ్ణే, దాచేదేముంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతారు. తిట్టుకుంటూనే ఆపుతాం, కానీ తర్వాత మొదటి వారం చూస్తే తేడా తెలుస్తుంది. అంత తక్కువ టైంలో తేడా ఎందుకు కనబడుతుందో ఈ రోజు ఈ అన్న రాసింది చదివాక అర్థమైంది, మన చేప త్వరగా పెరిగే రకం. మీ నార్వే చేపకి రెండు నెలలు సెలవిస్తే ఏమొస్తుంది, దానికి అది ఒక కునుకు!

కవ్వళ్లు, నెత్తళ్లు కూడా అంతే, ఏడాది రెండేళ్ల బతుకులు. ఒక ఏడాది విపరీతంగా పడతాయి, ఒక ఏడాది అసలుండవు. నీళ్ల వేడి చూసి చేప ఎక్కడుంటుందో చెప్పే మెసేజ్‌లు హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి వస్తుంటాయి, సముద్రం లేని ఊరు నుంచి మాకు సముద్రం గురించి చెప్తారని మొదట్లో నవ్వేవాళ్లం. ఒక్కోసారి బాగానే తగులుతుంది.


అడ్డంపడే_ఆంజనేయులు:

చన్నీళ్లంటే దీర్ఘాయుష్షు, వేడినీళ్లంటే అల్పాయుష్షు అని ఇక్కడ చాలా సాఫీగా తేల్చేశారు. అడ్డం పడకపోతే నాకు నిద్ర పట్టదు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో రౌలీ షోల్స్ అనే పగడపు దిబ్బల దగ్గర పట్టిన మిడ్‌నైట్ స్నాపర్ ఒకదానికి 81 ఏళ్లని 2020లో ప్రకటించారు. చెవిరాయి చూసే చెప్పారు. అది మన బంగాళాఖాతం లాంటి వెచ్చటి నీళ్లే. మరి దాని ఒళ్లు ఎందుకు అరిగిపోలేదు?

ఇటు చూస్తే మీ నార్వే పైన బేరెంట్స్ సముద్రంలో కేపెలిన్ అని బెత్తెడు చేప. ఐసు పక్కన తిరుగుతుంది, అయినా మూడు నాలుగేళ్లకి గుడ్లు పెట్టేసి చాలావరకు చచ్చిపోతుంది. ఫ్రిజ్‌లోనే ఉంది కదా, నిలవ ఎందుకు లేదు?

మళ్లీ ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోనే ఒక బుల్లి గోబీ చేప ఉంది, దాని మొత్తం బతుకు 59 రోజులు, వెన్నెముక ఉన్న జంతువుల్లో అంతకన్నా తక్కువ ఆయుష్షు ఇంకొకటి లేదని 2005లో రాశారు. స్నాపర్‌దీ గోబీదీ ఒకే రకం వెచ్చని నీళ్లు. ఒకటి 81 ఏళ్లు, ఇంకొకటి రెండు నెలలు. ఉష్ణోగ్రతకే అంత పవరుంటే ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది ముత్తుకూరు గారూ?


ముత్తుకూరు_బ్యాచ్:

ఆంజనేయులు గారూ, రాకపోతే వెలితిగా ఉండేది. మీ ఉదాహరణలు మూడూ నిజమే. నేను కాస్త ఎక్కువ సాఫీగా రాసిన మాటా నిజమే.

జాతి మారితే ఆట మారుతుంది. ఎవరు ఎంత తింటారు, దాన్ని ఎంతమంది తింటారు, గుడ్లు ఒకేసారి పెట్టి అయిపోతుందా, ఏటా కొంచెం కొంచెం పెడుతుందా, ఇవి ఆయుష్షుని నిర్ణయించడంలో నీటి వేడి కన్నా ముందుంటాయి. గోబీ రేపు ఎవరి నోట్లో పడుతుందో తెలియదు, కాబట్టి ఇవాళే పెళ్లి. పెద్ద స్నాపర్‌ని తినేవాళ్లు తక్కువ, తొందర లేదు. కేపెలిన్ ఉన్నదంతా ఒక్క కాన్పుకే పెట్టేస్తుంది. ఉష్ణోగ్రత పాత్ర ఎక్కడ తేటగా కనబడుతుందంటే ఒకే జాతిని, లేదా దగ్గరి చుట్టాలని, వేర్వేరు నీళ్లలో పక్కపక్కన పెట్టినప్పుడు. తమ్ముడు అడిగింది సరిగ్గా అలాంటి జతే.

దీన్ని తొట్టిలో కూడా చూశారు. 1966లో లియు, వాల్‌ఫర్డ్ అని ఇద్దరు, దక్షిణ అమెరికాలో ఏడాదిలోపే బతుకు ముగించే ఒక చిన్న మంచినీటి చేపని కాస్త చల్లటి నీళ్లలో పెంచితే ఎక్కువ కాలం బతకడమే కాదు, ఎక్కువ పెరిగింది కూడా. సముద్రం కాదు, వేటాడేవాళ్లు లేరు, వల లేదు, మారింది నీటి వేడి ఒక్కటే.

చలిదేశపు చేప మొద్దుదని కూడా అనుకోకండి. అమెరికా తూర్పు తీరంలో సిల్వర్‌సైడ్ అనే బుల్లి చేప దక్షిణాన కరోలినాలోనూ ఉంది, ఉత్తరాన నోవా స్కోషియాలోనూ ఉంది. ఉత్తరాన పెరగడానికి దొరికే కాలం చాలా తక్కువ, అయినా ఏడాది చివరికి రెండూ ఇంచుమించు ఒకే సైజు! రెండిటినీ తెచ్చి ఒకే వేడి నీళ్లలో పెంచితే ఉత్తరాదిదే వేగంగా పెరిగింది. దొరికే నాలుగు వెచ్చటి నెలల్లో తినేయాలని దాని పుట్టుకలోనే రాసుంది.

ఇప్పుడు రైతన్న ప్రశ్న, పెద్దవే ముందు ఎందుకు పోయాయి? నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుందన్నారు కదా, అంకెల్లో చెప్తాను. సముద్రపు నీరు 0 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాముల పైన పట్టుకుంటుంది, 30 డిగ్రీల దగ్గర 6 పైన మాత్రమే. ఒళ్లు అన్ని వైపులా లావెక్కుతుంది, మొప్పలేమో పల్చటి రేకులు, అవి ఒంటి బరువుకి తగ్గట్టు పెరగలేవు, కాబట్టి పెద్ద చేపకి ముందు ఊపిరి చాలదు, వేడి నీళ్లలో చేపలు చిన్నగా ఆగిపోవడానికి అసలు కారణం ఇదే అని పౌలీ వాదన. దీన్ని ఒప్పుకోనివాళ్లూ గట్టివాళ్లే. మొప్పలు అవసరాన్ని బట్టి పెరగగలవు, అది జ్యామితి సమస్య కాదు అని 2017లో కొందరు శరీరశాస్త్రజ్ఞులు గట్టిగా రాశారు. నన్నడిగితే, ఈ వాదన తేలకపోయినా మీ చెరువులో ఆ గంటన్నరకి పెద్దవాటికి ఊపిరి చాలలేదన్నది మాత్రం మీ కళ్లతో చూసిందే. జనరేటర్‌ని వారానికోసారి ఉత్తినే తిప్పండి.

హార్బర్ అన్నది కొట్టిపారేసే మాట కాదు, వల చేప పుట్టుకనే మార్చగలదు. మీ స్క్రేయ్ 1930ల, 40ల్లో పదేళ్ల దగ్గర ఈడుకొచ్చేది, ఇప్పుడు ఏడేళ్ల చుట్టూ. పెద్దవాటినే పట్టుకుపోతుంటే ఆలస్యం చేసేవాడి వంశం నిలబడదు కదా. కాబట్టి ఎక్కడైనా "చేపలు చిన్నవవుతున్నాయి" అని వార్త వస్తే వేడి ఎంత, వల ఎంత అని విడదీయడం చాలా కష్టం. ఉత్తర సముద్రంలో నలభై ఏళ్ల లెక్కలు తీసి చూస్తే, నీళ్లు 1, 2 డిగ్రీలు వేడెక్కిన కాలంలోనే ఎనిమిది జాతుల్లో ఆరింటి పెద్ద సైజు తగ్గింది. అన్నీ ఒకేసారి తగ్గడం వల్ల వల ఒక్కటే కారణం కాదని 2014లో వాదించారు. అలాగని అన్ని చోట్లా ఇంతే అనుకోవద్దు. ఆస్ట్రేలియా తీరంలో 335 జాతులు చూస్తే వెచ్చటి నీళ్లలో చిన్నగా ఉన్నవి 55 శాతం, పెద్దగా ఉన్నవి 45 శాతం. ఇంచుమించు బొమ్మా బొరుసూ.

తమ్ముడి చివరి డౌటు మర్చిపోలేదు, వేడెక్కితే ఎక్కువ చేపలు కదా అని. చల్లటి అంచున ఉన్న చేపకి ఒకటి రెండు డిగ్రీలు లాభమే. మీ మాక్రెల్‌ని చూడండి, 2007 ప్రాంతం నుంచి ఐస్‌లాండ్ వైపు గుంపులు గుంపులుగా పోయింది, ఆ తర్వాత గ్రీన్‌లాండ్ దాకా. దాని కోటా కోసం ఐస్‌లాండ్, నార్వే, ఐరోపా యూనియన్ కొట్టుకున్నాయి, ఇప్పటికీ పూర్తిగా సర్దుకోలేదు. (అదే కాలంలో ఆ మాక్రెల్ బరువు తగ్గింది, వేడి వల్ల కన్నా గుంపు పెరిగి తిండికి పోటీ వల్లే ఎక్కువ అంటారు. చూశారా, ఎక్కడా ఒక్క కారణం ఉండదు.)

కానీ మన కానాగడత ఇప్పటికే వేడి అంచున ఉంది. రైతన్న చెప్పిన గీత దాటితే త్వరగా పెరగడం పోయి అసలు తినడమే మానేస్తుంది. పిల్లప్పుడు వేగంగా పెరిగినా చిన్న సైజులో ఆగిపోతే ఒక్కో చేపలో మాంసం తక్కువ. ఇంకా ముఖ్యంగా గుడ్లు తక్కువ, ఎందుకంటే పెద్ద ఆడచేప పెట్టే గుడ్లు సైజుతో సమానంగా కాదు, అంతకన్నా ఎక్కువగా పెరుగుతాయి. వాతావరణం బాగా వేడెక్కే లెక్కన చూస్తే 2000 నుంచి 2050 లోపు సముద్రపు చేపల సగటు గరిష్ఠ బరువు 14 నుంచి 24 శాతం తగ్గొచ్చని 2013లో ఒక అంచనా వేశారు. అది కూడా పౌలీ ఊపిరి వాదన మీద కట్టిందే, కాబట్టి ఆ అంకెని నేను పూర్తిగా నమ్మకుండా కాస్త జాగ్రత్తగానే తీసుకుంటాను.

ఆంజనేయులు గారూ, మీరెలాగూ బ్లూఫిన్ ట్యూనా తెస్తారు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. అది కండల్లో పుట్టిన వేడిని బయటికి పోనివ్వకుండా దాచుకుని, చన్నీళ్లలో కూడా వెచ్చటి ఒంటితో తిరుగుతుంది, అయినా 35 ఏళ్ల పైన బతుకుతుంది. ఒళ్లు వెచ్చగా ఉంటే ఆయుష్షు తగ్గాలనే లెక్క దాని దగ్గర పనిచేయలేదు.


అడ్డంపడే_ఆంజనేయులు:

నా ట్యూనా కూడా లాక్కున్నారు. ఇక నాకు పని లేదు, టీ తాగొస్తాను.


ఫ్యోర్డ్‌లో_వైజాగోడు:

వారం తర్వాత వస్తున్నాను. చేపల కొట్లో కాడ్ తల అడిగితే ఆయన కాసేపు ఎగాదిగా చూసి, దాదాపు ఉచితంగా ఇచ్చేశాడు. కొట్లోవాళ్లు చెప్పినట్టు తల వెనక నుంచి కత్తితో తెరిస్తే రెండు చెవిరాళ్లు దొరికాయి, చిక్కుడుగింజంత ఉన్నాయి, తెల్లగా, అంచులు నొక్కులు నొక్కులుగా. ఒకటి మధ్యకి విరిచి, నూనె రాసి, ఫోన్ కెమెరాకి భూతద్దం పెట్టి చూశాను. అన్నా, నిజంగానే చెట్టు వలయాల్లా ఉన్నాయి! మొదట లెక్కపెడితే 6 వచ్చింది, రెండోసారి 7, మా ఆవిడ లెక్కపెడితే 8. లోపలివి వెడల్పుగా ఉన్నాయి, అంచుకి వచ్చేకొద్దీ దారప్పోగుల్లా దగ్గర దగ్గరగా ఉన్నాయి.

మాక్రెల్ తలలో కూడా వెతికాను, గురిగింజంత కూడా లేదు, సింకులో పోయింది.


ముత్తుకూరు_బ్యాచ్:

భేష్! వెడల్పుగా మొదలై అంచుకి ఇరుకవడమే నేను పైన అన్న మిగులు కథ. 6, 7, 8 మధ్య తేడాకి కంగారు పడొద్దు, రోజూ ఇదే పని చేసేవాళ్లకి కూడా ఒకటి అటూ ఇటూ అవుతుంది. ఎక్కువగా తప్పు పడేది రెండు చోట్ల. నట్టనడుమ ఉండే మసక చుక్కని ఒక ఏడాదిగా లెక్కపెట్టడం ఒకటి, అంచు మీద ఇంకా పూర్తికాని పొరని కలిపేయడం రెండోది. రెండో రాయి ఇంకా ఉంది కదా, చేత్తో విరవకండి, సరిగ్గా మధ్య గుండా సన్నని గరుకు కాగితం మీద నీళ్లు పోసి అరగదీయండి, ఫొటో ఇక్కడ పెట్టండి, అందరం కలిసి లెక్కపెడదాం.


హార్బర్_అన్న:

రాళ్ల సంగతి సరే, ఆ తల పులుసు పెట్టారా, పారేశారా?


ఫ్యోర్డ్‌లో_వైజాగోడు:

పెట్టాం అన్నా. చింతపండు అయిపోయి నిమ్మకాయ పిండాం, పర్వాలేదు. అలారం మోగలేదు.